లోపల కుళ్ళిన పడవ

ఈ పాఠంలో మనం నేర్చుకునేవి

• పాత ఫైబర్ పడవలో చెక్క ఎందుకు కుళ్ళుతుంది, దాన్ని ఎలా బాగుచేస్తారు
• చెక్కపనికి సంబంధించిన కొన్ని తెలుగు మాటలు
• 'తడిసింది – తడిపింది' లాంటి జంట క్రియలు

చదివే ముందు మాట్లాడుకుందాం

1. మీరు ఎప్పుడైనా పడవ ఎక్కారా? అది దేనితో చేసిన పడవ?
2. తడిసిన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేస్తే ఏమవుతుంది?
3. పైకి ఎర్రగా, నున్నగా ఉండి, కోస్తే లోపల పాడైపోయిన పండును ఎప్పుడైనా చూశారా?

కొత్త మాటలు

• పలక – వెడల్పుగా, బల్లపరుపుగా ఉండే ముక్క
• దూలం – బరువు మోయడానికి పెట్టే పొడవాటి చెక్క
• నానడం – నీళ్ళలో చాలాసేపు ఉండి మెత్తబడడం
• చివికిపోవడం – పాతబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోవడం
• తేమ – పైకి కనిపించని తడి
• శిలీంధ్రం – పుట్టగొడుగులు, బూజు లాంటి వాటి జాతి
• పొర – ఒకదాని మీద ఒకటిగా ఉండే పల్చటి భాగం
• ఉలి – చెక్కను చెక్కే పదునైన పనిముట్టు
• ఉప్పుకాగితం – చెక్కను రుద్ది నున్నగా చేసే గరుకు కాగితం
• మేకు – సుత్తితో కొట్టి దించేది. మరమేకు – తిప్పి బిగించేది. మనం దాన్ని స్క్రూ అంటాం.

పాఠం

1. ఫైబర్ పడవలో చెక్క ఎక్కడుంది?

పిల్లలూ! అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉండేవాళ్ళు ఇది చూసే ఉంటారు. ఎవరింటి పక్కనో ట్రైలరు మీద ఒక పాత పడవ ఉంటుంది. దాని మీద టార్పాలిన్ కప్పి ఉంటుంది. ఏళ్ళ తరబడి అది అక్కడే ఉంటుంది. అది ఫైబర్‌గ్లాస్ పడవ. సన్నటి గాజు దారాలతో చేసిన గుడ్డను రెసిన్ అనే జిగురుతో తడిపి, పొర మీద పొర వేసి దాన్ని చేస్తారు. రెసిన్ గట్టిపడ్డాక అదంతా ఒకే పెంకులాగా అయిపోతుంది. గాజు కుళ్ళదు. దానికి చెద పట్టదు, తుప్పు కూడా పట్టదు.

మరి ఆ పడవ ఎందుకు పాడవుతుంది? పెంకు ఒక్కటే అయితే పల్చగా ఉండి ఊగుతుంది. అది గట్టిగా నిలబడడానికి పాతకాలం పడవల్లో చాలావాటికి లోపల చెక్క పెట్టారు. ముఖ్యంగా మూడు చోట్ల పెట్టారు.

• అడుగున ముందు నుంచి వెనక్కి వెళ్ళే పొడవాటి దూలాలు
• వాటి మీద మనం నిలబడే నేల
• పడవ వెనక నిలువుగా ఉండే పలక. దీన్ని ట్రాన్సమ్ అంటారు. మోటారు బిగించేది దీనికే.

ఈ చెక్క మీద కూడా ఫైబర్ పొర వేసి కప్పేస్తారు. అందుకే బయటినుంచి చూస్తే చెక్క ఉన్నట్టే తెలియదు.

2. చెక్క ఎందుకు కుళ్ళుతుంది?

చెక్కను కుళ్ళబెట్టేది నీళ్ళు కాదు. ఆ పని చేసేది ఒక రకం శిలీంధ్రం. అది పుట్టగొడుగులకు దగ్గరి చుట్టం. చెక్కే దాని తిండి. అయితే అది బతకాలంటే తిండి ఒక్కటే చాలదు. తేమ, గాలి, కొంచెం వెచ్చదనం కూడా కావాలి. చెక్కలో తేమ 20 శాతం కంటే తక్కువగా ఉంటే అది పెరగలేదు. అందుకే ఇంట్లో ఉన్న బల్లలు, కుర్చీలు ఎన్నేళ్ళయినా కుళ్ళవు.

పడవలోకి తేమ ఎలా వస్తుంది? సీటు బిగించడానికి ఎవరో నేలకు ఒక రంధ్రం చేస్తారు. అందులో మరమేకు బిగిస్తారు. మరమేకు చుట్టూ వెంట్రుకంత సందు ఉంటుంది. వాన పడినప్పుడల్లా ఆ సందులోంచి ఒక్కో చుక్క లోపలికి దిగుతుంది. అలా దిగిన నీళ్ళు చెక్కలోకి ఇంకుతాయి. పైనా కిందా ఫైబర్ పొర ఉంది కాబట్టి అవి మళ్ళీ బయటికి రాలేవు. తడి పుస్తకాన్ని సంచిలో కట్టేసినట్టే అన్నమాట.

చూశారా? చెక్కను కాపాడడానికి వేసిన పొరే, ఒక చిన్న రంధ్రం వల్ల, తడిని లోపల బంధించే పొరగా మారిపోయింది. పాత పడవల కథంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మీకు తెలుసా?

స్వీడన్‌లో వాసా అనే పెద్ద చెక్క ఓడ 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయింది. 1961లో దాన్ని పైకి తీశారు. 333 ఏళ్ళు నీళ్ళలోనే ఉన్నా ఓడ చాలావరకు నిలిచే ఉంది. ఎందుకంటే అక్కడ అడుగున నీళ్ళు చల్లగా ఉంటాయి, వాటిలో గాలి చాలా తక్కువ. చెక్కను తొలిచే ఓడపురుగులు కూడా ఆ నీళ్ళలో బతకలేవు. పూర్తిగా మునిగిన చెక్క మిగిలింది. ఇంటి పక్కన సగం తడిగా, సగం గాలిలో ఉన్న పడవ చెక్క మాత్రం కొన్నేళ్ళలోనే కుళ్ళుతుంది!

3. కుళ్ళు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

లోపల ఉన్నది కనబడదు కదా. కాబట్టి కళ్ళతో పాటు చెవులు, చేతులు, కాళ్ళు కూడా వాడాలి.

కాళ్ళు: నేల మీద నెమ్మదిగా నడవండి. ఎక్కడైనా స్పాంజి మీద అడుగు వేసినట్టు మెత్తగా ఉంటే, అక్కడ అనుమానించాలి.

చెవులు: చిన్న సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చెక్క ఉన్నచోట 'టక్ టక్' అని మోగుతుంది. కుళ్ళినచోట 'డబ్ డబ్' అని మొద్దుగా వినిపిస్తుంది.

చేతులు: మరమేకు ఎంత తిప్పినా బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంటే, దాన్ని పట్టుకోవడానికి లోపల గట్టి చెక్క లేదని అర్థం.

చివరగా, పెద్దవాళ్ళు అనుమానం ఉన్నచోట లోపలివైపు నుంచి ఒక చిన్న రంధ్రం చేసి, బయటికి వచ్చిన పొట్టు చూస్తారు. పొట్టు లేతరంగులో పొడిగా ఉంటే మంచిదే. నల్లగా, తడిగా ఉండి, తడి ఆకుల వాసన వస్తే అక్కడ చెక్క పోయినట్టే. చూడడం అయ్యాక ఆ రంధ్రాన్ని తప్పకుండా మూసేస్తారు. ఎందుకో మీరే చెప్పండి!

సంభాషణ (ఇద్దరు పిల్లలు చెరో పాత్ర తీసుకుని గట్టిగా చదవండి)

అమ్మాయి: పెదనాన్నా, ఈ పడవ బాగానే మెరుస్తోంది కదా! దీనికేమైంది?

పెదనాన్న: పైన పటారం, లోన లొటారం తల్లీ! ఇదిగో, ఈ సుత్తి తీసుకుని వెనక పలక మీద మెల్లగా కొట్టి చూడు.

అమ్మాయి: టక్, టక్ అంటోంది.

పెదనాన్న: కొంచెం కిందికి రా. ఆ మరమేకు పక్కన కొట్టు.

అమ్మాయి: అరే, ఇక్కడ డబ్ డబ్ అంటోంది! దిండు మీద కొట్టినట్టుంది.

పెదనాన్న: అదే మరి! అక్కడ చెక్క నానిపోయింది. సుద్దముక్కతో చుట్టూ గీత గియ్యి.

అమ్మాయి: పైన ఇంకో పొర ఫైబర్ వేసేస్తే సరిపోదా?

పెదనాన్న: సరిపోదమ్మా. పుండు కడక్కుండా కట్టు కట్టినట్టు ఉంటుంది. లోపల తడి అలాగే ఉండిపోతుంది.

అమ్మాయి: పోనీ, ఈ ఒక్క ఆదివారం చెరువులో తిరిగొచ్చి, తర్వాత బాగుచేద్దామా?

పెదనాన్న: వద్దమ్మా. మోటారు బరువంతా మోసేది ఈ పలకే. చెరువు మధ్యలో ఇది విరిగితే నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. ముందు పలక బాగవ్వాలి, ఆ తర్వాతే చెరువు.

4. ఎక్కడిదాకా కొయ్యాలి?

పెదనాన్న చెప్పింది నిజమే. ఒక మాదిరి పెద్ద మోటారు సుమారు 100 కిలోల బరువుంటుంది. బరువొక్కటే కాదు, మోటారు పడవను ముందుకు తోసేటప్పుడు ఆ తోపు కూడా వెనక పలక మీదే పడుతుంది. అందుకే కుళ్ళిన పలకతో పడవను నీళ్ళలోకి దించకూడదు.

పని మొదలుపెట్టే ముందు మోటారును తీసేస్తారు. పడవను కింద నుంచి సమంగా ఆనించి పెడతారు. ఎందుకంటే లోపలి దూలాలు తీసేశాక పెంకుకు బలం ఉండదు. అప్పుడు వంగిపోతే, కొత్త చెక్క పెట్టాక ఆ వంకర శాశ్వతంగా ఉండిపోతుంది.

తర్వాత లోపలివైపు ఉన్న ఫైబర్ పొరను కోసి తీస్తారు. బయటి పొరను మాత్రం ముట్టుకోరు. అది పడవ ఆకారాన్ని కాపాడుతుంది. ఇప్పుడు ఉలితో కుళ్ళిన చెక్కను తవ్వుతారు. కొన్నిచోట్ల అది చేత్తో పట్టుకుంటేనే తడి కొబ్బరిపీచులాగా వచ్చేస్తుంది. ఇంకా లోపలికి వెళ్ళేకొద్దీ గట్టిగా తగులుతుంది.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఎక్కడ ఆగాలి? కొంచెం నల్లగా ఉన్నా పరవాలేదులే అని వదిలేయాలనిపిస్తుంది. కానీ శిలీంధ్రం సన్నటి దారాలుగా, కంటికి కనిపించకుండా, కుళ్ళిన చోటు దాటి కూడా పాకి ఉంటుంది. అందుకే లేతరంగులో, పొడిగా, ఉలికి గట్టిగా తగిలే మంచి చెక్క వచ్చేదాకా కోస్తారు. అక్కడ కూడా ఆగకుండా ఇంకొంచెం ముందుకు వెళ్తారు. పలక మొత్తం పాడైతే మొత్తం తీసేస్తారు.

చాలా పడవల్లో నేల కింద ఫోమ్ కూడా ఉంటుంది. పడవ నీళ్ళతో నిండిపోయినా పూర్తిగా మునగకుండా తేల్చేది అదే. ఏళ్ళ తరబడి తడిలో ఉంటే ఆ ఫోమ్ కూడా నీళ్ళు పీల్చుకుంటుంది. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో బరువు. కాబట్టి 60 లీటర్లు పీల్చుకుంటే, ఒక పెద్దమనిషి ఎప్పుడూ పడవలో కూర్చున్నంత బరువు! తడి ఫోమ్‌ను తీసేసి, దాని చోట తప్పకుండా కొత్తది పెట్టాలి. పెట్టకుండా నేల మూసేస్తే, ఆపద వచ్చినప్పుడు పడవ తేలదు.

5. కొత్త చెక్క ఎలా పెడతారు?

అంతా కోశాక పడవను బాగా ఆరనిస్తారు. దీనికి కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. తొందరపడితే కొత్త చెక్క కూడా తడి మీదే కూర్చుంటుంది.

ఆ తర్వాత వరసగా ఇలా చేస్తారు:

ఒకటి – అట్టముక్కతో కొలత. ముందు అట్టముక్కను పలక ఆకారంలో కత్తిరించి, పెట్టి చూసి సరిచేస్తారు. సరిపోయాక దాని ప్రకారం చెక్క కోస్తారు.

రెండు – చెక్క. పడవలకు వాడేది మెరైన్ ప్లైవుడ్. దాని పొరల మధ్య ఖాళీలు ఉండవు. వాటిని అతికించిన జిగురు నీళ్ళకు ఊడదు. అయితే ఒక మాట గుర్తుంచుకోండి: జిగురు ఊడకపోయినా, తడిగా వదిలేస్తే ఆ చెక్క కూడా కుళ్ళుతుంది! వెనక పలక మందం చాలా పడవల్లో సుమారు 38 మిల్లీమీటర్లు. అందుకే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు ఒకదానికొకటి అతికిస్తారు.

మూడు – జిగురు. ఎపాక్సీ అనే రెసిన్‌ను చెక్క అన్నివైపులా, ముఖ్యంగా అంచులకు, బాగా పట్టిస్తారు. అంచులే నీళ్ళను ఎక్కువగా పీల్చుకుంటాయి. తర్వాత ఎపాక్సీలో ఒక పొడి కలిపి పీనట్ బటర్‌లా చిక్కగా చేస్తారు. దాన్ని పూసి పలకను బయటి పొరకు ఆనించి, క్లాంపులతో బిగిస్తారు. మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది. కాబట్టి అంచుల్లో కొంచెం జిగురు కనిపించేంత వరకే బిగిస్తారు.

నాలుగు – మూలలు. పలక పడవను కలిసేచోట మూల పదునుగా ఉంటే గాజుగుడ్డ సరిగ్గా ఆనదు, కింద గాలి మిగిలిపోతుంది. అందుకే చిక్కటి జిగురు పెట్టి, చెంచా వెనకభాగంతో మూలను గుండ్రంగా చేస్తారు.

ఐదు – గాజుగుడ్డ. కొత్త పొరలు పాత ఫైబర్‌ను బాగా పట్టుకోవాలంటే, పాత అంచును ఏటవాలుగా అరగదీయాలి. పొర మందానికి 12 రెట్లు వెడల్పుగా ఏటవాలు ఉండాలన్నది పడవలు బాగుచేసేవాళ్ళు పాటించే లెక్క. ఆ పైన గాజుగుడ్డను ఎపాక్సీతో తడిపి, రోలరుతో గాలిబుడగలు పోయేలా నొక్కుతూ పొరలు వేస్తారు.

6. చివరి చిన్న రంధ్రం

పలక గట్టిపడింది. రంగు వేశారు. ఇక మోటారు బిగించాలి. బిగించాలంటే మళ్ళీ రంధ్రం చేయాలి కదా! పాత చెక్క కుళ్ళడం మొదలైంది ఇలాంటి రంధ్రం దగ్గరే.

అందుకే ఇక్కడ ఒక మంచి ఉపాయం ఉంది. ముందు కావలసినదానికంటే పెద్ద రంధ్రం చేస్తారు. దాన్ని చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపేస్తారు. అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి సరైన కొలతలో రంధ్రం చేస్తారు. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ గోడ. సందులోంచి నీళ్ళు దిగినా చెక్కను తాకలేవు. ఆ పైన నీళ్ళు రాకుండా మూసే పేస్టు కూడా పెడతారు.

దీనికి పట్టే సమయం ఎక్కువేమీ కాదు. కానీ నెలల తరబడి చేసిన పని నిలుస్తుందా, మళ్ళీ కుళ్ళుతుందా అన్నది ఈ చిన్న పనిమీదే ఆధారపడి ఉంటుంది.

అన్ని పడవలూ బాగుచేయదగ్గవి కావు. కొన్నిసార్లు చెక్కకు, రెసిన్‌కు అయ్యే ఖర్చు పడవ ధర కంటే ఎక్కువవుతుంది. బయటి పెంకే పగిలిపోయి ఉంటే వదిలేయడమే మంచిది. ముందు బాగా వెతికి, కుళ్ళు ఎంతుందో నిజాయితీగా లెక్కవేసుకున్నవాళ్ళే సరిగ్గా నిర్ణయించుకోగలరు.

జాగ్రత్త!

ఫైబర్‌ను కోసినప్పుడు వచ్చే గాజు ధూళి ఊపిరితిత్తులకు, కళ్ళకు, చర్మానికి మంచిది కాదు. రెసిన్ వాసన కూడా హాని చేస్తుంది. కోయడం, రెసిన్ కలపడం పెద్దవాళ్ళ పని. వాళ్ళు కూడా సరైన మాస్కు, కళ్ళద్దాలు, గ్లవ్స్ వేసుకోవాలి. సుత్తితో కొట్టి వినడం, సుద్దతో గుర్తులు పెట్టడం, అట్టముక్క కత్తిరించడం మీరు చేయొచ్చు.

మీకు తెలుసా?

ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ దగ్గర కోరంగి అనే ఊరు ఉంది. ఒకప్పుడు అది పెద్ద రేవు. అక్కడ చెక్క ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. 1839లో వచ్చిన పెద్ద తుఫాను ఆ రేవును ధ్వంసం చేసింది. మారిషస్‌కు, బర్మాకు ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు 'కోరంగీలు' అని పిలిచేవారు. ఓడలు బాగుచేసే ఊరి పేరే విదేశంలో మనవాళ్ళ పేరయింది!

భాషను గమనిద్దాం: జంట క్రియలు

ఈ రెండు వాక్యాలు చూడండి.

చెక్క తడిసింది.
వాన చెక్కను తడిపింది.

మొదటి వాక్యంలో పని దానంతట అదే జరిగినట్టు చెప్పాం. రెండో వాక్యంలో ఆ పని ఎవరు చేశారో, దేనివల్ల జరిగిందో చెప్పాం. చేసినవాళ్ళను చెప్పినప్పుడు క్రియ మారింది. 'చెక్క' అన్న మాటకు 'ను' కూడా చేరింది. ఇలాంటి జంటలు ఇంకొన్ని:

• పలక విరిగింది – అన్నయ్య పలకను విరిచాడు
• పడవ ఎండింది – పెదనాన్న పడవను ఎండబెట్టాడు
• ముక్క అతుక్కుంది – అమ్మ ముక్కను అతికించింది
• రంధ్రం నిండింది – నాన్న రంధ్రాన్ని నింపాడు
• పడవ మునిగింది – అల పడవను ముంచింది

పడవ బాగుచేసేవాళ్ళకు రెండో రకం వాక్యం చాలా అవసరం. 'చెక్క కుళ్ళింది' అని ఊరుకుంటే పని పూర్తికాదు. 'దేనివల్ల తడిసింది? నీళ్ళు ఎటునుంచి వచ్చాయి?' అని అడిగితేనే కారణం దొరుకుతుంది.

మాట్లాడేటప్పుడు – రాసేటప్పుడు: కొయ్యాలి – కోయాలి, చెయ్యాలి – చేయాలి, వెయ్యాలి – వేయాలి. రెండూ సరైనవే.

అభ్యాసాలు

అ. ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.

1. ఫైబర్ పడవలో చెక్క ఏ మూడు చోట్ల ఉంటుంది?
2. శిలీంధ్రం బతకడానికి ఏవేవి కావాలి?
3. కోసేటప్పుడు బయటి పొరను ఎందుకు ముట్టుకోరు?
4. మెరైన్ ప్లైవుడ్ కుళ్ళుతుందా? ఎప్పుడు?

ఆ. సరైన మాటతో ఖాళీలు పూరించండి. (ఉలి, తేమ, అట్టముక్క, డబ్ డబ్)

1. కుళ్ళినచోట సుత్తితో కొడితే ______ అని వినిపిస్తుంది.
2. కుళ్ళిన చెక్కను ______తో తవ్వుతారు.
3. చెక్క కోసే ముందు ______తో కొలత తీసుకుంటారు.
4. ______ 20 శాతం కంటే తక్కువగా ఉంటే చెక్క కుళ్ళదు.

ఇ. బ్రాకెట్లలోని మాటను చేర్చి, క్రియను మార్చి రాయండి.

1. గుడ్డ తడిసింది. (అమ్మ)
2. చెంచా విరిగింది. (తమ్ముడు)
3. బకెట్టు నిండింది. (నేను)

ఈ. లెక్క చేయండి.

1. ఫైబర్ పొర మందం 5 మిల్లీమీటర్లు. ఏటవాలు వెడల్పు ఎంత ఉండాలి?
2. ఫోమ్ 45 లీటర్ల నీళ్ళు పీల్చుకుంటే పడవ బరువు ఎన్ని కిలోలు పెరుగుతుంది?

ఉ. ఆలోచించి చెప్పండి.

'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత పడవకు ఎలా సరిపోతుంది? ఇంకా దేనికి సరిపోతుంది? మీ అమ్మమ్మనో తాతయ్యనో ఫోనులో అడిగి, ఇలాంటి సామెత ఇంకొకటి తెలుసుకుని రాయండి.

ఇంట్లో చేసి చూడండి

ఒకే కొలతలో రెండు అట్టముక్కలు తీసుకోండి. రెండిటినీ నీళ్ళలో తడపండి. ఒకదాన్ని పళ్ళెంలో గాలి తగిలేలా పెట్టండి. రెండోదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, సూదితో ఒక్క రంధ్రం చేయండి. వారం రోజులు రోజూ చూసి, ఏది ఎండిందో, ఏది మెత్తబడిందో రెండేసి వాక్యాల్లో రాయండి. సంచిలో బూజు కనిపిస్తే తెరవకుండా పారేయండి.

జవాబులు సరిచూసుకోండి

ఆ. 1. డబ్ డబ్ 2. ఉలి 3. అట్టముక్క 4. తేమ
ఇ. 1. అమ్మ గుడ్డను తడిపింది. 2. తమ్ముడు చెంచాను విరిచాడు. 3. నేను బకెట్టును నింపాను.
ఈ. 1. 60 మిల్లీమీటర్లు 2. 45 కిలోలు